నెర్రెలు పడని కొండ

ఇంటీరియర్ డిజైనర్ వాట్సాప్‌లో గ్రాండ్ కాన్యన్ ఫొటో పెడతాడు. "అన్నా, హాల్‌లోకి ఇలాంటి టెక్స్‌చర్ పెయింటింగ్ కావాలి. రాయి చేతికి తగలాలి. పది రోజుల్లో గృహప్రవేశం" అంటాడు. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఉండి ఈ పని చేసుకునే మనం అలాంటి ఆర్డర్ వదులుకోలేం. ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక ఏమేం చెడిపోతాయో చెబుతాను. వీటిలో చాలావరకు నా చేతిలోనే చెడిపోయాయి.

అన్నిటికన్నా ముందు దెబ్బతినేది బేస్. ఒక మే నెలలో అయిదు అడుగుల కాన్వాస్ మీద గోడ పుట్టీతో కొండ కట్టాను. డెలివరీ తొందరలో ఫ్యాన్ కింద పెట్టి ఆరబెట్టాను. వారం తిరిగేసరికి నల్లరేగడి చేనులా నెర్రెలు. కస్టమర్ వచ్చి చూసి, "మేం లోయ అడిగాం, మీరు ఎండిన చెరువు ఇచ్చారు" అన్నాడు. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాను.

తప్పు రెండు చోట్ల ఉంది. పుట్టీ గట్టిపడితే వంగదు. కాన్వాస్ మాత్రం గాలికి, చేతికి అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. ఇక మందంగా ఒకేసారి వేసిన పేస్ట్‌కి పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి తర్వాత పోయి కుంచించుకుంటుంది. అక్కడే చీలుతుంది. అందుకే ఎత్తుగా కొండ లేపాలంటే కాన్వాస్ వద్దు, 12 ఎంఎం ప్లైవుడ్ తీసుకోండి. ముందూ వెనకా సీలర్ కొట్టండి. ఒక్క వైపే కొడితే వానాకాలంలో బోర్డు వంగుతుంది. మోడలింగ్ పేస్ట్‌ని రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా వేయండి. పొర పూర్తిగా ఆరాకే తర్వాతిది. పది రోజుల్లో అడిగితే ఆ గడువుకి ఎన్ని పొరలు సాధ్యమో లెక్కేసి, అంత ఎత్తే చూపించండి.

ఇసుక వాడేవాళ్లు కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టాలి. మట్టి ఉన్న ఇసుక పేస్ట్‌లో పట్టు ఇవ్వదు, రాలిపోతుంది. మన ఖమ్మంలో గ్రానైట్ పొడికి కొదవ లేదు, రాతి గరుకు బాగా తెస్తుంది కూడా. కానీ అందులో సిలికా ఉంటుంది. జల్లెడ పట్టేటప్పుడు, సాండ్‌పేపర్ కొట్టేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోవాల్సిందే. సిలికోసిస్ వస్తే ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. కర్చీఫ్ కట్టుకోవడం మాస్క్ కాదు.

రంగుల దగ్గర డబ్బు పోయేది అనవసరపు ట్యూబులకి. ఎర్ర రాయికి ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. మన బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్, ఎల్లో ఓకర్‌లలో ఉండేదీ అదే. ఎండ తగిలినా ఈ రంగులు వెలిసిపోవు. ఫ్లోరసెంట్ ఆరెంజ్ ఫోన్లో బాగుంటుంది, కిటికీ ఎదురుగా తగిలిస్తే వెలిసిపోతుంది.

ఇంకొకరి పెయింటింగ్ ఫొటో తెచ్చి అచ్చం అలాగే వేయమంటే వద్దనండి. మీరే లోయ చూసి వేయడానికి గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనా పోనక్కర్లేదు, కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన చోటు అది. రాయి అడ్డంగా పొరలు పొరలుగా ఉంటుంది, నిలువుగా పగుళ్లు దిగుతాయి. పాలెట్ నైఫ్‌ని అడ్డంగా లాగి, ఆరేలోపు నిలువుగా కోస్తే ఆ రూపం వస్తుంది. భద్రాచలం దిగువన ఉన్న పాపికొండలు ఇందుకు పనికిరావు. అవి పచ్చటి అడవి కప్పిన గుండ్రటి కొండలు, వాటికి వేరే చెయ్యి కావాలి. ఒకసారి గండికోట వెళ్లి మీ ఫోన్‌తో మీరే ఫొటోలు తీసుకుంటే నాలుగేళ్ల ఆర్డర్లకి సరిపోతాయి.

ఇప్పుడు రేటు. 4×3 సైజు, అంటే 12 చదరపు అడుగులు. బోర్డు, ఫ్రేమ్ 2,500. పేస్ట్, రంగులు 3,000. ప్యాకింగ్, ఆటో 1,000 అనుకుందాం. మీ కూలి రోజుకి 900 చొప్పున ఏడు రోజులకి 6,300. మొత్తం 12,800. చదరపు అడుగుకి వెయ్యి చెప్పి ఒప్పుకున్నారంటే 800 మీరే ఎదురు పెట్టినట్టు, చెడితే మళ్లీ చేసే ఖర్చు కాక. ఈ పనికి ధర అడుగులతో తేలదు, పొరలతో తేలుతుంది.

సగం అడ్వాన్స్, మిగతాది బోర్డు షాపు దాటకముందే. సైజు, మార్పులు ఎన్నిసార్లు, తేదీ, అన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. ఇంకో లైను కూడా: కాపీరైట్ నాదే అని. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం వేసిన బొమ్మకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. మీ కొండని యాభై ఫ్లాట్లకి ప్రింట్ తీసి తగిలించినా మీరు అడ్డుకోలేరు. హక్కుల కోసం కోర్టుకెళ్తే ఎంతకాలం పడుతుందో చూడండి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి చేసిన కుడ్య శిల్పాన్ని 1979లో తీసేశారు. ఆయన నైతిక హక్కుల మీద హైకోర్టు తీర్పు వచ్చింది 2005లో. అంతకాలం ఆగే ఓపిక మనకి లేదు, మెసేజ్ పెట్టడానికి అర నిమిషం చాలు.

ఫిటింగ్ మీరే దగ్గరుండి చేయించండి. పైన చెప్పిన సైజు బోర్డు ఒక్కటే ఎనిమిది తొమ్మిది కిలోలు, సగటున అయిదు మిల్లీమీటర్ల పేస్ట్ పడితే ఇంకో అంత. ఒక్క మేకు మీద ఆగదు, రెండు యాంకర్ బోల్టులు కావాలి. గోడకీ బోర్డుకీ మధ్య కొంచెం గాలి ఆడేలా వెనక బిళ్లలు అంటించండి, లేకపోతే వానల్లో బూజు. ఎండాకాలం అక్రిలిక్ మెత్తబడుతుంది, బబుల్ ర్యాప్ నేరుగా చుడితే దాని బుడగల ముద్రలు కొండ మీద పడతాయి. మధ్యలో సిలికాన్ పూసిన బేకింగ్ పేపర్ వేయండి.

ఇక వరద సంగతి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు నది పొంగి ఖమ్మంలో ఒడ్డు కాలనీలు మునిగాయి. షాపు పల్లంలో ఉన్నవాళ్లు ఆరుతున్న బోర్డులు, పేస్ట్ డబ్బాలు, ఆర్డర్ పుస్తకం జూన్ రాకముందే అటకెక్కించండి.