లేసు చేత్తోనే పాదుకు వల

ప్రశ్న: క్రోషా లేసు అల్లడం నాకు సరదా. పెరట్లో కొబ్బరి నీడ ఎక్కువ. బీర, కాకర పాదులకు నేనే వల అల్లి కట్టవచ్చా? నీడలో ఏ కూరలు వేసుకోవాలి?
– ఒక గృహిణి, ముక్తేశ్వరం

జవాబు: నిక్షేపంగా అల్లండి. లేసు దారం మాత్రం వద్దు. వానలకు నానితే నూలు కుళ్లి, కాయల బరువుకు తెగుతుంది. సన్నని నైలాన్ తాడుతో, లావు సూదితో గొలుసుకుట్టు వేయండి. చెయ్యి దూరేంత కన్ను ఉంటేనే కాయ ఇరుక్కోదు, కోత సులువు.

బీర, కాకరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అందుకే పందిరి కొబ్బరి నీడ పడని వైపు వేయండి. జూన్, జూలైల్లో గింజలు నాటేటప్పుడు మట్టి ఎగదోసి బోదె చేస్తే మొదలు దగ్గర నీరు నిలవదు. చెట్ల కింద కంద, చేమ, పసుపు, అల్లం బాగా వస్తాయి.

ఇక మీరు సరదాగా అల్లిన లేసును గంజి పెట్టి దాచకండి, పురుగు పడుతుంది. ఉతికి, పూర్తిగా ఆరాకే మడవండి.

వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మకం ఆలోచన ఉంటే అక్కడి అల్లికలు ఒకసారి చూసి రండి.