సంగీతకారుడి పేరు గ్రహశకలానికి పెట్టించాలంటే...

అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా 1993 డిసెంబరు 4న కన్నుమూశారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1994 జులైలో, అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే 3834వ నంబరు గ్రహశకలానికి జప్పాఫ్రాంక్ అని పేరు ఖాయమైంది. ఆ ప్రయత్నం మొదలుపెట్టింది ఏ రికార్డింగ్ కంపెనీయో కాదు, ఫీనిక్స్ నగరంలోని ఒక మానసిక వైద్యుడు. ఆయన చేసిన మొదటి పని, గ్రహశకలాల వివరాలు నమోదు చేసే మైనర్ ప్లానెట్ సెంటర్‌కి ఉత్తరం రాయడం. మీ అభిమాన గాయకుడి కోసం మీరూ అలాంటి ప్రయత్నం చేయొచ్చు.

ముందే ఒక మాట: దీనికి డబ్బు కట్టకండి. నక్షత్రాలకు మనం చెప్పిన పేరు పెడతామని సర్టిఫికెట్లు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ పేర్లను ఖగోళ శాస్త్రవేత్తలెవరూ వాడరు. గ్రహశకలాల పేర్లు ఖరారు చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘంలోని నామకరణ బృందం. అక్కడ పేర్లు అమ్మరు.

మొదట, అర్హత. రాజకీయాల వల్లనో, యుద్ధాల వల్లనో పేరుపడ్డవారికైతే చనిపోయి 100 ఏళ్లు దాటాలి. సంగీతకారులకు ఆ గడువు లేదు. హైదరాబాద్‌లో తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్‌ల స్మృతిలో ఏటా సంగీత సమారోహం జరిపించిన హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్‌కి బతికుండగానే, 2019లో, ఈ గౌరవం దక్కింది. మరుసటి ఏడాదే ఆయన వెళ్లిపోయారు. (బుధగ్రహం మీది బిలాలకు నియమాలు వేరు. అక్కడ కళాకారులు కన్నుమూసి మూడేళ్లయినా కావాలి, 50 ఏళ్లకు పైబడిన ఖ్యాతీ ఉండాలి. అక్కడ త్యాగరాజు పేరుతో ఒక పెద్ద బిలం ఉంది!)

తర్వాత, పేరు. ఇంగ్లిష్ లిపిలో ఖాళీలతో సహా 16 అక్షరాలు మించకూడదు, ఒకే పదంగా ఉంటే మేలు. పండిట్‌జస్‌రాజ్ 12, రాక్ గాయకుడి పేరిట ఉన్న ఫ్రెడ్డీమెర్క్యురీ 14. మన బాలమురళీకృష్ణ పేరును వాడుకలో ఉన్న స్పెల్లింగుతో కలిపి రాసి లెక్కపెట్టండి, 17 వస్తుంది. ఒక్క అక్షరం ఎక్కువ. అలాంటప్పుడు స్పెల్లింగులో అక్షరం కొరికేయడం నాకు నచ్చదు. శ్రోతలు ప్రేమగా పిలుచుకున్న బాలమురళి ఉండనే ఉంది, పదే అక్షరాలు. ఘంటసాల కూడా పదే, వయొలిన్ విద్వాంసుడు ద్వారం పేరు ఆరే. ఇప్పటికే ఉన్న గ్రహశకలం పేరుకో, ఉపగ్రహం పేరుకో మరీ దగ్గరగా ఉన్నది ఒప్పుకోరు. నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారి చిన్న ఖగోళ వస్తువుల డేటాబేస్ అందరికీ ఉచితం. అందులో కొట్టి చూడండి.

ఇక అసలు పని, రాయిని వెతకడం. కొత్త గ్రహశకలానికి మొదట తాత్కాలిక గుర్తు ఇస్తారు. జస్‌రాజ్ రాయి గుర్తు 2006 వీపీ32. వీ అంటే నవంబరు మొదటి పక్షం. పీ32 అంటే ఆ పక్షంలో నమోదైన 815వది. కొన్నేళ్లు గమనించి కక్ష్య రూఢి అయ్యాక శాశ్వత నంబరు వస్తుంది. నంబరు వచ్చాకే పేరు. నంబర్లున్నవి ఏడు లక్షలకు పైనే, పేర్లున్నవి వాటిలో చాలా కొద్ది. కాబట్టి రాళ్లకు కొదవ లేదు.

కానీ పేరు ప్రతిపాదించే హక్కు కనుగొన్నవారిది. నంబరు వచ్చిన నాటి నుంచి పదేళ్లు అది వాళ్లదే. అందుకే మీరు ఒప్పించాల్సింది ఆ మనిషిని, లేదా ఆ వేధశాలను. వాళ్లకు మీ సంగీతకారుడితో ఏదైనా ముడి కనిపిస్తే సగం పని అయినట్టే. జప్పా రాయిని 1980లో కనుగొన్నది నేటి చెక్ దేశంలోని క్లెట్ వేధశాల. కమ్యూనిస్టు పాలనలో అక్కడి అసమ్మతివాదులు జప్పా సంగీతాన్ని గుండెల్లో పెట్టుకున్నారు, 1990లో అధ్యక్షుడు హావెల్ ఆయనను ప్రాగ్‌లో ఆదరంగా కలుసుకున్నారు. ఫ్రెడ్డీ మెర్క్యురీకి ఎంచుకున్న 17473వ రాయి ఆయన మరణించిన 1991లోనే దొరికింది. జస్‌రాజ్ రాయి నంబరు 300128. ఆయన పుట్టింది 28-01-30న, తిరగేసి చూడండి! ఇదే పద్ధతిలో ఘంటసాల పుట్టినరోజు 4-12-22 నుంచి 221204, బాలమురళి 6-7-30 నుంచి 300706 వస్తాయి. ఆ రాళ్లకు పేర్లున్నాయా, ఎవరు కనుగొన్నారు అన్నది డేటాబేస్‌లో చూసి మొదలుపెట్టండి. ఒకటి కుదరకపోతే మరణించిన తేదీ, తొలి రికార్డు విడుదలైన ఏడాది, ఇలా వెతుకుతూ పోవచ్చు.

కనుగొన్నవారికి ఉత్తరం క్లుప్తంగా, మర్యాదగా రాయండి. దాంతోపాటు పరిచయ వాక్యాలూ పంపండి. పేరుతో కలిపి శాశ్వతంగా అచ్చయ్యేవి ఇవే కాబట్టి వీటి మీద ఎంత శ్రమపడినా ఎక్కువ కాదు. మూడు నాలుగు వాక్యాలు చాలు. మహానుభావుడు, గానగంధర్వుడు లాంటివి పక్కన పెట్టండి. బాలమురళికైతే ఇలా రాయొచ్చు: ‘1930లో శంకరగుప్తంలో జన్మించిన కర్ణాటక గాయకుడు, వాగ్గేయకారుడు. 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. మహతి వంటి కొత్త రాగాలు సృష్టించారు.’ తెలుగు తెలియని చెక్ శాస్త్రవేత్త కూడా ఇది చదివి ఆయన ఎవరో గ్రహించగలగాలి. తేదీలు, ఊళ్ల పేర్లు కుటుంబసభ్యులతో ఒకసారి సరిచూసుకోండి, వాళ్ల సమ్మతి కూడా తీసుకోవడం మర్యాద.

కనుగొన్నవారు ఒప్పుకుంటే ప్రతిపాదన వాళ్లే పంపుతారు. నామకరణ బృందం పరిశీలించి ఆమోదిస్తే వాళ్ల బులెటిన్‌లో ప్రకటిస్తారు. అందులో అచ్చయ్యేదాకా ఊళ్లో ఫ్లెక్సీలు కట్టకండి, పత్రికలకు చెప్పకండి.

ఎవరూ జవాబివ్వకపోతే ఇంకో దారి ఉంది, చాలా ఓపిక కావాలి. ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ అనే కార్యక్రమం హవాయి దీవుల్లోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన చిత్రాలను విద్యార్థులకు, ఔత్సాహికులకు ఉచితంగా ఇస్తుంది. ఒకే చోట వరుసగా తీసిన చిత్రాలను ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో తిప్పి చూస్తూ, కదిలే చుక్కను పట్టుకోవాలి. నలుగురు మిత్రులతోనో, మీ బడి పిల్లలతోనో జట్టు కట్టి నమోదు చేసుకోండి. మీరు పట్టిన చుక్క కొత్తదని తేలి, ఏళ్ల తర్వాత దానికి నంబరు వస్తే, పేరు సూచించే అవకాశం అప్పుడు మీ జట్టుకే ఉంటుంది.