అడవి వరి జన్యువు, మన సాంబ మసూరి: ప్లాంట్ బ్రీడింగ్‌లో కెరీర్

నెల్లూరు జిల్లా కొడవలూరు, కోవూరు మాగాణుల్లో పెరిగిన పిల్లలకు ఎండాకు తెగులును ఎవరూ నేర్పక్కర్లేదు. ఆకు కొస పసుపు తిరిగి, అంచుల వెంట అలల్లా ఎండుతూ కిందికి దిగుతుంది. బ్యాక్టీరియా తెగులు కాబట్టి మందులకు పెద్దగా లొంగదు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరికి (బీపీటీ 5204) సన్నదనం ఉంది, రుచి ఉంది, ధర ఉంది. ఈ తెగులును ఓర్చుకునే శక్తి మాత్రం లేదు.

ఆ శక్తి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఒరైజా లాంజిస్టామినాటా అనే ఆ జాతిని పంటగా ఎవరూ వేయరు. దాంట్లో ఉన్న ఎక్స్‌ఏ21 జన్యువు ఎండాకు తెగులుకు అడ్డుగోడ. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి ఈ జన్యువునూ, సాగు వరిలోనే ఉన్న మరో రెండు నిరోధక జన్యువులనూ సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఆ రకం 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’గా విడుదలైంది.

ఇది జన్యుమార్పిడి పంట కాదు. ఇంటర్వ్యూల్లో ఎంఎస్సీ చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. చేసింది పాత పద్ధతి సంకరమే. పుట్టిన మొక్కను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ పోతే, మొదటి తరంలో సగం ఉన్న సాంబ వాటా తర్వాత 75 శాతం, ఆపైన 87.5 శాతం, ఇలా పెరుగుతుంది. ప్రతి తరంలోనూ చిన్న ఆకు ముక్క తుంచి డీఎన్‌ఏ పరీక్ష చేసి, కావలసిన మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఉంచుతారు. దీన్నే మార్కర్ (డీఎన్‌ఏ గుర్తు) ఎంపిక అంటారు. మార్కర్ లేకపోతే ప్రతి తరాన్నీ పెంచి, తెగులు ఎక్కించి చూడాల్సి వచ్చేది.

వరిలోనే కాదు, గోధుమలోనూ తెగుళ్లను తట్టుకునే జన్యువులు కొన్ని దాని చుట్టమైన రై పైరు నుంచి వచ్చాయి. పత్తిలో 1972లో ధార్వాడలో పుట్టిన వరలక్ష్మి హైబ్రిడ్‌కు తల్లిదండ్రులు రెండు వేర్వేరు పత్తి జాతులు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో హైబ్రిడ్ కందికి దారి చూపింది అడవి కందే.

ఇక రోజువారీ పని సంగతి. బ్రీడర్ అంటే ల్యాబ్‌లో తెల్లకోటు అనుకుంటే పొరపాటు. సాయంత్రం పొలంలోకి దిగి, మర్నాడు విచ్చబోయే వరి పూలను ఏరుకోవాలి. పొట్టు పైభాగం కత్తెరతో కోసి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ ఫోర్‌సెప్స్‌తో లాగేయాలి. ఒక్కటి మిగిలినా సంకరం చెడినట్టే. వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య తండ్రి మొక్క పుప్పొడి దులిపి, చీటీ కట్టాలి. అడవి జాతితో కలిపినప్పుడు గింజ చాలాసార్లు మధ్యలోనే చచ్చిపోతుంది. అప్పుడు పిండాన్ని ముందే బయటికి తీసి, గాజు గొట్టంలోని పోషక జెల్లీ మీద పెంచాలి. అడవి వరితో మంచి జన్యువు ఒక్కటే రాదు, గింజ రాలే గుణం, పొడవాటి ముల్లు కూడా వెంట వస్తాయి. వాటిని వదిలించుకోవడానికే ఏళ్లు పడతాయి. సంకరం నుంచి రకం రైతుకు చేరేసరికి ఎనిమిది, పదేళ్లు మామూలే. ఈ ఓపిక లేనివాళ్లు ఇటు రాకపోవడమే మేలు.

చదువు దారి చూద్దాం. ఇంటర్ బైపీసీ, ఈఏపీసెట్, నాలుగేళ్ల బీఎస్సీ (ఆనర్స్) అగ్రికల్చర్. కొడవలూరు వాళ్లకు తిరుపతి, బాపట్ల కళాశాలలు అందుబాటులో ఉన్నాయి. రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, భూమి పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి. పదో తరగతితోనే వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాసి బీఎస్సీలోకి రావచ్చు. కోచింగ్ సెంటర్లు ఈ కోర్సును నీట్‌లో సీటు రానివాళ్ల ఓదార్పు బహుమతిలా చూస్తాయి. చేరినవాళ్లలో చాలామంది డిగ్రీ కాగానే బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో మళ్లిపోతారు. అందుకే ‘జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్’లో ఎంఎస్సీ, పీహెచ్‌డీ శ్రద్ధగా చేసినవాళ్లకు పోటీ మీరు భయపడేంత ఉండదు. ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష గెలిస్తే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో శాస్త్రవేత్త ఉద్యోగం, ఏడో వేతన సంఘం లెక్కన మొదటి మూలవేతనం 57,700 రూపాయలు. నెట్ పాసైతే వ్యవసాయ వర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు పోటీ పడవచ్చు.

ప్రైవేటులో హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీలే పెద్ద దిక్కు. అక్కడ రకం పేరు కంటే అమ్మకం ముఖ్యం, ఊళ్లు తిరగడం తప్పదు. విత్తనోత్పత్తి క్షేత్రంలో కేళీలను (కలిసిపోయిన వేరే రకం మొక్కలను) చూపుతోనే పట్టేయగల కుర్రాడికి అక్కడ గిరాకీ. పొలం గట్టు మీద పెరిగినవాళ్లకు ఆ చూపు సగం ముందే వచ్చి ఉంటుంది. లోటు ఎక్కువగా గణాంకశాస్త్రంలో కనిపిస్తుంది. బీఎస్సీ మూడో ఏడాదిలోపు ‘ఆర్’ ప్రోగ్రామింగ్ మీద పట్టు సాధించండి.

సెలవుల్లో నెల్లూరులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి అనుమతి తీసుకుని వెళ్లి రండి. నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) అక్కడ పుట్టిందే. ఐఆర్ 72ను సాంబ మసూరితో కలిపి తీసిన రకమది.

ఎంపీసీ చదువుతున్నవాళ్లకూ ఒక కిటికీ ఉంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాలు రెండూ మన రకాల నుంచే వచ్చాయి, ‘కమల’ అనేది సాంబ మసూరి నుంచి, రెండోది కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) నుంచి. ఏ జన్యువును ఎక్కడ సవరించాలో తేల్చాలంటే కుప్పలు తెప్పలుగా డీఎన్‌ఏ సమాచారాన్ని జల్లెడ పట్టాలి. ఆ పనికి కంప్యూటర్ సైన్స్ చదివి, కాస్త జీవశాస్త్రం నేర్చుకున్నవాళ్లు కావాలి. బయోఇన్‌ఫర్మేటిక్స్ కోర్సు ఎంచుకునేటప్పుడు పంటల మీద పనిచేసే ల్యాబ్ ఉన్న కాలేజీ ఏదో ముందే ఆరా తీయండి. చాలాచోట్ల ఆ పేరుతో మందుల కంపెనీలకు పనికొచ్చే పాఠాలే చెబుతారు.