పని దిగాక ఒక గంట: ట్యాగ్ ఫైటింగ్ గేమ్‌లో మీ టీమ్

ట్యాగ్ ఫైటింగ్ గేమ్ కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని, ఏ క్యారెక్టర్లు బలమైనవో చెప్పే టియర్ లిస్ట్ వెతకడం. పైవరసలోంచి ముగ్గుర్ని తీసి టీమ్ కట్టేస్తారు. రెండు వారాలు గడిచేసరికి ఆఫీసు నుంచి వచ్చి కంట్రోలర్ పట్టుకోవాలంటేనే విసుగొస్తుంది. లోపం వాళ్ల చేతుల్లో లేదు. ఆ లిస్టులు పోటీల్లో ఆడేవాళ్లను, ప్రాక్టీస్ మోడ్‌లో రోజంతా గడపగలిగేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఎనిమిది తొమ్మిది గంటలు పనిచేసి, ట్రాఫిక్‌లో ఇంకో గంట పోగొట్టుకుని, అన్నం తిన్నాక కూర్చునే మనిషికి వేరే లెక్క కావాలి. ఒళ్లు అలసిన రాత్రి కూడా మీ చేతులు తడబడకుండా చేయగల పని ఏదో చూసుకుని, దాని చుట్టూ టీమ్ కట్టుకోండి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా ఎలా కట్టాలన్న వివరం.

ఈ తరహా ఆటకు దారి వేసింది క్యాప్‌కామ్. 1996లో వచ్చిన ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌లో ఒక్కో వైపు ఇద్దరుండేవారు, ఆట మధ్యలోనే ఒకరి బదులు ఒకరు దిగొచ్చు. 2000లో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 నాటికి ఒక్కో వైపు ముగ్గురయ్యారు. అందులో మొత్తం 56 మంది, ఒక్కొక్కరికి మూడేసి రకాల అసిస్ట్‌లు. అసిస్ట్ అంటే బయట ఉన్న మనిషి ఒక్క క్షణం లోపలికొచ్చి ఒక దెబ్బ వేసి వెళ్లిపోవడం. ఆ ఆటలో సైలాక్‌నీ కెప్టెన్ కమాండోనీ టీముల్లో పెట్టుకున్నది ముఖ్యంగా ఆ ఒక్క దెబ్బ కోసమే. పైనుంచి దూకేవాణ్ని పట్టి కింద పడేసే అసిస్ట్ వాళ్లది. అందుకే టీమ్ ఎంచుకునేటప్పుడు ముగ్గుర్నీ ఒకే కొలతతో కొలవకండి. ఒకరు ఆడతారు, ఒకరు ఆడేవారికి దారి ఇస్తారు, ఒకరు చివర్లో ఒంటరిగా నిలబడతారు.

ముందుగా ఎక్కువసేపు మీ చేతిలో ఉండే పాయింట్ క్యారెక్టర్‌ను తేల్చుకోండి. దీనికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటుంది. పని ఎక్కువగా ఉన్న రోజు చూసుకుని, వార్మప్ లేకుండా ప్రాక్టీస్ మోడ్‌లోకి వెళ్లండి. ఆ క్యారెక్టర్ మామూలు కాంబోను పదిసార్లు ప్రయత్నించండి. ఎనిమిది తొమ్మిది సార్లు పడితే ఆ క్యారెక్టర్ మీది. నాలుగైదు సార్లే పడితే, ఎంత బలమైన క్యారెక్టరైనా మీ దగ్గర ఆ బలం సగమే. ఆదివారం ఉదయం తాజాగా లేచి చేసిన పరీక్ష లెక్కలోకి రాదు, ఎందుకంటే మీరు ఆడేది ఆదివారం ఉదయం కాదు.

తర్వాత ఆ క్యారెక్టర్‌కు చేతకానిదేమిటో చూడండి. చిన్న కాగితం మీద రాసుకున్నా మంచిదే. దూరం నుంచి దగ్గరికి చేరలేడా? మూలలో ఇరుక్కుంటే బయటపడలేడా? పైనుంచి వచ్చేవాణ్ని ఆపలేడా? ఆ లోటును పూడ్చే అసిస్ట్ ఎవరి దగ్గరుందో వెతికితే రెండో మనిషి దొరికినట్టే.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో 2015 ఇవో పోటీలు చూపించాయి. ఇవో అమెరికాలో ఏటా జరిగే అతిపెద్ద ఫైటింగ్ గేమ్ పోటీ. ఆ ఏడాది అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 టైటిల్‌ను చిలీ దేశస్థుడు కేన్‌బ్లూరివర్ గెలిచాడు. అతని టీమ్ హల్క్, హ్యాగర్, సెంటినెల్. ముగ్గురూ భారీకాయులే. చాకచక్యంగా దూకే వర్జిల్, జీరో లాంటివాళ్లు రాజ్యమేలుతున్న ఆటలో ఈ టీమ్‌ను మేటిగా ఎంచినవాళ్లు తక్కువ. కానీ దాని నిర్మాణం చూడండి. హల్క్ శరీరం పెద్దది, ఎదుటివాడు విసిరేదంతా తగులుతుంది, దగ్గరికి చేరడం కష్టం. సెంటినెల్ అసిస్ట్‌గా పంపే డ్రోన్లు తెర మీద నెమ్మదిగా సాగుతూ హల్క్‌కు అడ్డుగోడ అవుతాయి, వాటి వెనకే అతను నడిచి వెళ్తాడు. పట్టుబడే ప్రమాదం వస్తే హ్యాగర్ లారియట్ అసిస్ట్ ఉంది. అది మొదలయ్యే క్షణంలో ఎదుటివాడి దెబ్బ హ్యాగర్‌ను ఏమీ చేయలేదు. ఇక హల్క్ ఆరోగ్యం 12 లక్షలు. అదే ఆటలో ఫీనిక్స్‌ది 3 లక్షల 75 వేలు. హల్క్ రెండు మూడు తప్పులు చేసి కూడా నిలబడతాడు, ఫీనిక్స్ ఒక్క తప్పుతో పోతుంది. చిన్న కాంబోతో పెద్ద దెబ్బ, తప్పుకు క్షమ, చేతులకు తక్కువ శ్రమ: ఉద్యోగం చేసే మనిషికి కావలసినవి ఈ మూడే. కేన్‌బ్లూరివర్ అంత ఎత్తుకు మనం వెళ్లకపోవచ్చు గానీ, ఆ టీమ్ కట్టిన తర్కం మనకూ అందుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి మోరిగన్, డాక్టర్ డూమ్ జంటది. మరుసటి ఏడాది, 2016లో, ఇదే ఆటలో ఇవో గెలిచిన క్రిస్‌జి ఈ జంటకు పేరు తెచ్చాడు. మోరిగన్ గాలిలో తేలుతూ తెర నిండా సోల్ ఫిస్ట్ అనే గోళాలు విసురుతుంది. డూమ్ పిలవగానే వచ్చి పైకి వదిలే మిసైళ్లు కాసేపటికి ఎదుటివాడి నెత్తిన పడతాయి. ఎదుటివాడు ముందుకు రాలేడు, పైకి ఎగరలేడు. చూడ్డానికి దూరంగా కూర్చుని ఆడే తాపీ ఆటలా ఉంటుంది. ఆడేవాడి వేళ్లకు మాత్రం క్షణం తీరిక ఉండదు. పగలంతా కీబోర్డు కొట్టి వచ్చినవాళ్లకు ఈ శైలి నేను సూచించను. మణికట్టులో నొప్పి గానీ వేళ్లలో తిమ్మిరి గానీ మొదలైతే ఆ రాత్రికి ఆపేయండి, మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చూపించండి. ఆట కోసం మీ జీతం తెచ్చే చేతుల్ని పణంగా పెట్టకూడదు.

ఫీనిక్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. పెద్ద దెబ్బలకు ఖర్చయ్యే మీటర్ ఐదు బార్లూ నిండి ఉండగా ఆమె పడిపోతే డార్క్ ఫీనిక్స్‌గా లేస్తుంది, అప్పుడు ఆట తిరగబడుతుంది. అందుకోసం మిగతా ఇద్దరూ మీటర్ ముట్టుకోకుండా దాచిపెట్టాలి. ఒక మనిషి కోసం టీమ్ మొత్తం ఉపవాసం ఉండే ఈ పద్ధతి పోటీల్లో టైటిళ్లు గెలిచింది. కానీ రాత్రికి ఐదారు మ్యాచ్‌లే ఆడేవాళ్లకు, దాచిన మీటర్‌ను వాడుకోకుండానే సగం మ్యాచ్‌లు ముగిసిపోతాయి. వచ్చిన మీటర్‌ను వచ్చినట్టే ఖర్చుపెట్టే టీమ్‌తో ఆడితే నేర్చుకోవడం త్వరగా జరుగుతుంది.

మూడో మనిషిని యాంకర్ అంటారు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మిగిలిపోయిన ఇష్టమైన క్యారెక్టర్‌ను చివర్లో పెట్టడం. చివరివాడు దిగేసరికి అసిస్ట్ ఇచ్చేవాళ్లు ఉండరు. కాబట్టి ఎవరి సాయం లేకుండా దగ్గరికి చేరగలిగినవాడు, దొరికిన ఒక్క అవకాశంలో గట్టిగా కొట్టగలిగినవాడు కావాలి. అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3లో కాసేపు బలం పెంచే ఎక్స్ ఫ్యాక్టర్, 2018లో వచ్చిన డ్రాగన్ బాల్ ఫైటర్‌జడ్‌లో అలాంటిదే అయిన స్పార్కింగ్ బ్లాస్ట్ మ్యాచ్‌కు ఒక్కసారే దొరుకుతాయి. టీమ్‌లో మిగిలినవాళ్లు తగ్గేకొద్దీ అవి ఎక్కువసేపు పనిచేస్తాయి. అలాగని ప్రతిసారీ చివరిదాకా దాచుకోనక్కరలేదు. మొదటి ఇద్దరూ పోయాక ఒక్కడితో గెలిచే రాత్రులకన్నా, మొదటివాణ్ని కాపాడుకుని గెలిచే రాత్రులే మామూలు ఆటగాడికి ఎక్కువ.

అసిస్ట్ పిలవడంలో ఒక క్రమశిక్షణ ఉంది. దీన్ని అలవాటు చేసుకోనివాళ్లు ఏ శైలిలోనూ ముందుకు పోలేరు. మీరు పిలిచినవాడూ మీ పాయింటూ ఒకే దెబ్బకు దొరికిపోతే, ఎదుటివాడు ఇద్దర్నీ కలిపి ఒకే కాంబోలో కొడతాడు. ఇంగ్లీషు మాట్లాడే ఆటగాళ్లు దీన్ని ‘హ్యాపీ బర్త్‌డే’ అంటారు. కంగారులో బటన్ నొక్కితే జరిగేది ఇదే. మీరు సురక్షితంగా ఉన్నప్పుడే, అంటే ఎదుటివాడు మీ దెబ్బను బ్లాక్ చేస్తున్నప్పుడో, వాడు దూరంగా ఉన్నప్పుడో పిలవండి. కొన్ని సాయంత్రాలు ఈ ఒక్క నియమంతోనే ఆడి చూడండి. కొత్త కాంబోలు నేర్చుకోవడం కన్నా దీనివల్లే ఎక్కువ గెలుస్తారు.

టెక్కెన్ ట్యాగ్ ఆటలకు ఇందులో సగం వర్తించదు. అక్కడ ఇద్దరిలో ఏ ఒక్కరు పడిపోయినా రౌండ్ పోయినట్టే. అందువల్ల ఒకర్ని బలిచ్చి ఇంకొకర్ని కాపాడే ఆలోచన కుదరదు. దెబ్బతిన్నవాణ్ని వేళకు బయటికి పంపి కోలుకోనివ్వడమే అక్కడ అసలు పని. ఇద్దరూ మీ చేతికి సమానంగా వచ్చినవాళ్లే కావాలి.

రయట్ గేమ్స్ తెచ్చిన టూఎక్స్‌కేవోలో ఎలాంటి టీమ్ కావాలన్న ఎంపికను ఆటే మీ ముందు పెడుతుంది. 2025 అక్టోబరులో కంప్యూటర్ల మీద ముందస్తు విడుదల మొదలైన ఈ ఆట ఉచితం. ఒక్కో వైపు ఇద్దరు. ఆ ఇద్దరూ కలిసి ఎలా ఆడాలో తేల్చే పద్ధతిని ‘ఫ్యూజ్’ అంటారు. డబుల్ డౌన్‌లో ఇద్దరి అల్టిమేట్ దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి కలుస్తాయి. ఫ్రీస్టైల్‌లో ఒకే దాడిలో రెండుసార్లు మనిషిని మార్చొచ్చు. టూఎక్స్ అసిస్ట్‌లో అసిస్ట్‌ను వెంటవెంటనే రెండుసార్లు వాడొచ్చు. సైడ్‌కిక్‌లో జతగాడు అసిస్ట్‌కే పరిమితం, ఆట మీ ఒక్క క్యారెక్టర్‌దే. జగ్గర్నాట్‌లో బలం పెంచిన ఒక్క మనిషితోనే ఆడతారు.

పని చేసుకుంటూ ఆడేవాళ్లు సైడ్‌కిక్‌తో మొదలుపెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఒక్క క్యారెక్టర్‌ను నేర్చుకుంటే చాలు, అసిస్ట్ వేళ కూడా అలవాటవుతుంది. జగ్గర్నాట్ ఇంకా సులువుగా కనిపిస్తుంది గానీ, అసిస్ట్ అలవాటు లేకుండా పెరిగిన చేతికి తర్వాత టీమ్ ఆట పరాయిగా తోస్తుంది. రెండో క్యారెక్టర్ మీద మనసు పుట్టినప్పుడు డబుల్ డౌన్‌కు వెళ్లండి, అందులో అదనంగా గుర్తుపెట్టుకోవలసింది తక్కువ. ఫ్రీస్టైల్‌కు తొందర వద్దు. రెండుసార్లు మార్చే వీలుంటే దారులు చాలా పుడతాయి, వాటిని చేతికి తెచ్చుకోవడానికి ప్రాక్టీస్ మోడ్‌లో చాలా రాత్రులు పోతాయి. సెలవులు పెట్టుకున్నప్పుడు చూసుకోవచ్చు.

ఈ ఆటలో ఇద్దరు మనుషులు ఒకే టీమ్‌గా, చెరొక క్యారెక్టర్‌తో ఆడొచ్చు. ఆఫీసు స్నేహితుడితోనో, తమ్ముడితోనో, పెళ్లయినవాళ్లయితే ఇంట్లోవాళ్లతోనో ఆడటానికి ఇంతకన్నా మంచి వీలు ఈ మధ్య రాలేదు. జతగా ఆడేటప్పుడు ముందే రెండు విషయాలు మాట్లాడుకోండి: ఆట ఎవరు మొదలుపెడతారు, ఏ స్థితిలో మార్చుకోవాలి. ‘నువ్వు రా’, ‘వద్దు, ఆగు’ అనే రెండు మాటలు చాలు. షిఫ్టులు కలవని స్నేహితులైతే, ఎవరికి ఆడే వేళ తక్కువో వాళ్లకు అసిస్ట్ బాధ్యత ఎక్కువ ఉండేలా ఫ్యూజ్ ఎంచుకోండి. వారంలో రెండు రాత్రులే దొరికే మనిషి మీద కాంబో బరువంతా మోపితే ఇద్దరికీ చిరాకే మిగులుతుంది.

సమయం విషయంలో గడియారాన్ని నమ్ముకోవద్దు. ‘ఇంకో పావుగంట’ అనుకుంటే అర్ధరాత్రి దాటుతుంది. పది నిమిషాలు ప్రాక్టీస్, ఆ తర్వాత ఫలానా ఇన్ని మ్యాచ్‌లు అని పెట్టుకోండి. ప్రాక్టీస్ మోడ్‌లో డమ్మీకి కదలికలు రికార్డు చేసే సౌకర్యం ఉంటుంది. నిన్న మిమ్మల్ని ఓడించిన ఎత్తు ఏదో దాన్ని రికార్డు చేసి, ఈ రోజు పది నిమిషాలూ దానికే ఇవ్వండి. కాంబోల జాబితా ముందేసుకుని కూర్చోవడం కన్నా ఇది ఎక్కువ అక్కరకొస్తుంది. ర్యాంక్డ్‌లో వరసగా మూడు ఓడితే ర్యాంక్డ్ వదిలేసి స్నేహితుడితో మామూలు మ్యాచ్ ఆడండి. పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లకు, ఓటమి ఉడుకుతో పడుకునే రాత్రి కన్నా అది ఎంతో నయం.

టీమ్‌ను కనీసం ఒక నెల మార్చకండి. మార్చేటప్పుడు కూడా ముగ్గుర్నీ ఒకేసారి మార్చవద్దు. ఎక్కడ ఓడుతున్నారో చూసి, ఆ చోటికి సంబంధించిన అసిస్ట్‌ను ముందు మార్చండి. డ్రాగన్ బాల్ ఫైటర్‌జడ్‌లో 2020 నుంచి ఒక్కో క్యారెక్టర్‌కు మూడు అసిస్ట్‌లు ఉన్నాయి, మనిషిని మార్చకుండా అసిస్ట్‌నే మార్చి చూడొచ్చు. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

హైదరాబాద్‌లో ఉండి డాలస్‌లో ఉన్న అన్నయ్యతో ఆడాలనుకునేవాళ్లకు ఒక లెక్క. ఈ ఆటల్లో ఒక ఫ్రేమ్ సెకనులో అరవయ్యో వంతు, అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు. అంత దూరానికి సిగ్నల్ వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది, అది పన్నెండు ఫ్రేముల పైమాటే. రోల్‌బ్యాక్ అనే సాంకేతికత ఈ ఆలస్యాన్ని కొంత కప్పుతుంది, మొత్తం కప్పలేదు. వైఫై బదులు కేబుల్ వాడితే ఆట కుదుపు తగ్గుతుంది గానీ దూరం తగ్గదు. అంత దూరంలో ఎదుటివాడి కదలిక చూసి స్పందించే ఆట పనిచేయదు. అన్నయ్యతో ఆడే రాత్రులకు, అసిస్ట్ అడ్డు పెట్టుకుని నెమ్మదిగా ముందుకు నడిచే భారీ క్యారెక్టర్లతో వేరే టీమ్ ఒకటి సేవ్ చేసి ఉంచుకోండి.