గాజుల పెట్టెలో దాచిన మందులు

సమస్య



నేను హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండలో పుట్టి పెరిగిన ఇరువదియారేండ్ల దానను. పరదేశపు షేకులకు ఆడపిల్లలనిచ్చి చేయు బేరపు పెండ్లిండ్లను ఆపు పనిలో ఒక చిన్న మహిళా సంఘముతో నాలుగేండ్లుగా బస్తీలు తిరుగుచున్నాను. దలాలు ఎవరింటి మెట్లెక్కినాడో, ఏ తల్లి అప్పుల బాధకు లొంగినదో కనిపెట్టి, ఆ తల్లుల ముందు కూర్చుండి మాటలాడుటే నా పని. ఏడాదిగా నాకు నిద్ర లేదు, తెల్లవారునన్నచో భయము. వైద్యులు డిప్రెషన్ అని మందులిచ్చిరి. ఇంటివారు చూడకుండ వానిని గాజుల పెట్టెలో దాచి, కొన్నాళ్ళు మ్రింగి, పని తొందరలో మానివేసితిని. మొన్న సాయంకాలము ఒక తల్లి పదకొండు మార్లు ఫోను చేసినది. గోడవైపు తిరిగి పండుకొని, ఫోను వెలుగు ఆరుటయు మరల వెలుగుటయు చూచుచుండిపోతిని గాని చేయి చాపలేకపోతిని. సంఘములో మేము పిన్నమ్మవలె ఖాలా అని పిలుచు ఒకామె పోయి ఆ పెండ్లి ఆపించినది. ఇట్టి దానను ఒకరి బిడ్డలనేమి కాపాడగలను? ఈ పని వదలివేయుమందురా?

— ఒక సోదరి, శాలిబండ

సలహా

అమ్మా,

పదకొండు పిలుపులను లెక్కపెట్టి వ్రాసిన నీవు, పెండ్లి ఆగిపోయినదన్న సంగతిని ఒక్క చిన్న వాక్యములో దాటవేసితివి. నా కన్ను ఆ వాక్యము మీదనే నిలిచినది. ఆ పిల్ల ఈనాడు తన ఇంటనే ఉన్నది. నీవు లేవలేని సాయంకాలమున లేచి పోగల మనిషి కలదనగా, అది నాలుగేండ్లుగా నీవును చేయి వేసి నిలిపిన సంఘమే గదా!

ఈ పని ఎన్నడును ఒక్కరిది కాదు. 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో, అరువదేండ్ల సౌదీ దేశస్థుని ప్రక్కన ఏడ్చుచున్న పదేండ్ల పాతబస్తీ పిల్లను చూచి, అమృతా అహ్లువాలియా అను విమాన పరిచారిక ఏలనమ్మా ఏడ్చెదవని అడిగి, సంగతి పైవారికి తెలుపుటచేతనే ఈ బేరపు పెండ్లిండ్ల అన్యాయము దేశమునకంతకును తెలియవచ్చినది. ఆనాడు విమానములో ఆమె చేసినది అంతే. తక్కిన భారమును పోలీసులు, న్యాయస్థానము, పత్రికలు, స్త్రీ సంఘములు మోసినవి. అయినను ఆ వ్యాపారము చావలేదు. సరిగా నీ వయస్సంత కాలము గడచిన పిమ్మట, 2017 సెప్టెంబరులో, హైదరాబాదు పోలీసులు ఒమాన్, ఖతార్ దేశస్థులనెనిమిదిమందిని, వారితో ఖాజీలను, దలాలులను నిర్బంధింపవలసివచ్చినది. సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ 2002లో నెలకొల్పిన షాహీన్ సంస్థ ఈ పనికిని పూనుకొన్నది. ఇంత దీర్ఘమైన కార్యమును నిద్రకు మొగమువాచిన ఒక్క దేహముతో ఈడ్చవలెనని నిన్నెవ్వరు శాసించిరి?

దాచకమ్మా, చెప్పుమని ఆ తల్లులను బ్రతిమాలునది నీవే. దాచినకొలది దలాలు బలపడునని నీకన్న ఎరిగినవారెవరు? మరి నీ మందులు గాజుల పెట్టెలో ఏల ఉన్నవి? మన ఊరిలో మానసిక వైద్యశాల యున్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడు దురాచారము కలదు. ఆ ఒక్క మాటకు వెరచి ఎందరు వైద్యుని గడప త్రొక్కకపోయిరో తలచినచో నాకు కడుపు మండును. మూసీ దాటగానే అఫ్జల్‌గంజి ఉస్మానియా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. మందు నీ అంతట నీవే మానితివన్న సంగతి దాచక చెప్పి, వారు చెప్పినన్నాళ్ళు వాడుము. నీ రోగపు సంగతి గోప్యముగా నుంచవలెనని 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పుచున్నది. బ్రతుకుమీదనే విరక్తి కలిగిన రాత్రి తెల్లవారువరకు ఆగక, ప్రభుత్వపు మానసిక సహాయ సేవయైన టెలిమానస్‌వారి 14416కు ఫోను చేయుము. తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు.

పని వదలుమని నేననను. కాని సాయంకాలపు ఫోను ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఎత్తునట్లు సంఘమునడిగి, నీకు నిద్ర కుదురువరకు చిట్టాలు వ్రాయు పని పుచ్చుకొనుము. అదియు ఆ పిల్లల పనియే.

రేపు ఆ ఖాలా వచ్చినప్పుడు ఆమెను లోపలికి పిలిచి, ఆ పెట్టె తెరచి చూపుము.