జాబ్ కార్డు లేని కారు

అనంతపురం

పాపా,

నిన్న రాత్రి ఫోనులో నువ్వడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పి పెట్టేశాను. పెట్టేశాక మనసు ఊరుకోలేదు. కల్యాణదుర్గం నుంచి నీ దగ్గరికొచ్చిన ఆ అబ్బాయి బెంగుళూరులో కారు కొని ఎనిమిది నెలలు. గేర్‌బాక్సు ఇప్పటికి నాలుగుసార్లు విప్పి బిగించారు. అయినా మూడో గేరులో బండి పట్టేస్తోంది. అడిగితే "కొత్త బండి కదా, నడిచేకొద్దీ సర్దుకుంటుంది" అంటున్నారు. "కారు మార్పించొచ్చా మామా?" అని అడిగావు. మార్పించొచ్చు. కానీ ఆ మాటకూ, చేతికి కొత్త తాళం రావడానికీ మధ్య ఎంత దూరముందో ఫోనులో చెప్పలేను. ఇది నీ మొదటి కారు కేసు. అందుకని రాస్తున్నాను, దాచుకో.

మన సీమలో కారు ఏ డబ్బుతో కొంటారో నీకు తెలుసు. మన అనంతపురం ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల. వేరుశనగ ఎండి ఎండి ఎప్పుడో ఒక ఏడు చేతికొస్తే, చీనీకాయల డబ్బు దానికి జతచేసి, మిగిలింది ఫైనాన్సులో తీసుకుని కొంటారు. షోరూం ముందర కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించి, కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయిస్తారు. అట్లాంటి బండి వర్క్‌షాపులో పడి ఉంటే ఆ ఇంటికి అది మొలవని విత్తనమే. విత్తనం మాట ఊరికే అనలేదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అమెరికాలో ఇట్లాంటి బండిని నిమ్మకాయ అనే పిలుస్తారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం 'లెమన్ లా' తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే, లేదా బండి మొత్తం ముప్పై రోజులు షెడ్డులోనే ఉంటే, కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టేనని చట్టమే లెక్క కడుతుంది. ఇంగ్లండులో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువును ముప్పై రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. మన దేశంలో కార్ల కోసమని ప్రత్యేకంగా ఇట్లాంటి చట్టం లేదు. ఉండాలని నా గట్టి అభిప్రాయం. నాలుగు, ముప్పై అనే ఆ రెండంకెలు చట్టంలో ఉంటే చాలా తగాదాలు షోరూం గడప దగ్గరే తెగిపోతాయి. అవి లేవు కాబట్టి మన దగ్గర కొన్నవాడే తన లెక్క తాను రాసుకోవాలి. ఆ లెక్కల పుస్తకమే, బండి ఇచ్చిన ప్రతిసారీ వర్క్‌షాపు రాసిచ్చే జాబ్ కార్డు.

నేను వాదించిన మొదటి కారు కేసు ఓడిపోయాను. ఇంజను వేడెక్కి దారిలో ఆగిపోయే బండి. నా క్లయింటు ఆరుసార్లు వర్క్‌షాపుకు పోయాడు. నాలుగుసార్లు "ఒక గంటలో చూసి పంపిస్తాం సార్, కార్డెందుకు" అన్నారు. మర్యాదస్తుడు, సరేనన్నాడు. మిగిలిన రెండు కార్డుల్లో ఒకదాని మీద 'జనరల్ చెకప్' అని రాసుంది, రెండోదాని మీద 'ఫ్రీ సర్వీస్'. కంపెనీ కౌంటరులో ఒకటే మాట రాసింది: బండి మామూలు సర్వీసుకు తప్ప రిపేరుకు ఎన్నడూ రాలేదు. ఆయన చెప్పింది ప్రతి అక్షరం నిజమని నాకు తెలుసు, బెంచికి చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ రోజు కోర్టు మెట్లు దిగుతూ ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి నీ దగ్గరికొచ్చిన వాళ్లకు మొదట చెప్పాల్సింది చట్టం కాదు. బండి లోపలికి పోయిన ప్రతిసారీ కార్డు రాయించుకోమను. లోపాన్ని సర్వీస్ అడ్వైజర్ మాటల్లో కాకుండా తన మాటల్లో రాయించమను: 'మూడో గేరులో బండి పట్టేస్తోంది, 60 కిలోమీటర్ల వేగంలో శబ్దం వస్తోంది' అని. కిలోమీటర్ల రీడింగు, ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ ఉండాలి. బండి తిరిగి ఇచ్చేటప్పుడు 'సంతృప్తిగా ఉంది' అన్న గడి దగ్గర సంతకం పెట్టమంటారు. లోపం పోలేదనిపిస్తే ఆ మాటే రాసి సంతకం పెట్టాలి. కార్డు ఇవ్వనంటే అదే రోజు సాయంత్రం కంపెనీకి ఈమెయిలు పంపాలి: ఈ రోజు ఇన్ని గంటలకు బండి ఇచ్చాను, కార్డు ఇవ్వలేదు అని. ఆ ఒక్క మెయిలు తర్వాత పది మంది సాక్షుల పెట్టు.

ఇంక ఏ గడప తొక్కాలన్నది. దీనికి హైదరాబాదులో జరిగిందే పెద్ద పాఠం. 2009 సెప్టెంబరు 25న జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే సంస్థ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొన్నది. నాలుగు రోజులకే, 29న, లోపం బయటపడి వర్క్‌షాపుకు పోయింది. నవంబరు 13న మళ్లీ అదే. నవంబరు 16న వాళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లి చీటింగ్ కేసు పెట్టారు. 2012 మార్చిలో హైకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టేస్తూనే, పాత బండికి బదులు కొత్తది ఇమ్మని కంపెనీకి చెప్పింది. కంపెనీ ఇస్తామంది. కొన్నవాళ్లు కారు వద్దు, వడ్డీతో డబ్బు కావాలన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. 2024 జులై 10న తీర్పు వచ్చింది: మోసం నేరం లేదని తేల్చాక కారు మార్చమని చెప్పే పని హైకోర్టుది కాదు, అయినా విషయం ముగించడానికి కంపెనీ 50 లక్షలు చెల్లించాలి. కొన్న నాటి నుంచి తీర్పు దాకా లెక్కేస్తే పదిహేనేళ్లకు దగ్గర. అంత పెద్ద సంస్థకే పదిహేనేళ్లు పడితే మన కల్యాణదుర్గం అబ్బాయి గతేమిటి? కోపంలో మనవాళ్లు మొదట పోయేది స్టేషనుకే. లోపమున్న వస్తువు అమ్మడం వేరు, మోసం చేయాలనే మొదటి నుంచీ అనుకుని అమ్మడం వేరు. రెండోది రుజువు చేయడం చాలా కష్టం. ఆ దారి పట్టనివ్వకు.

మన గడప కన్జ్యూమర్ కోర్టే, అంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల చట్టం మనలాంటి ఊళ్లకు చేసిన పెద్ద మేలొకటుంది. 1986 చట్టంలో అమ్మినవాడున్న చోటో, వ్యవహారం జరిగిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. బెంగుళూరులో కొన్నవాడు బెంగుళూరు చుట్టూ తిరిగి విసిగి వదిలేసేవాడు. ఇప్పుడు కొన్నవాడు నివసించే చోటే వేయొచ్చు. అంటే అనంతపురంలోనే. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. ఆ అబ్బాయి కారు పన్నెండు లక్షలన్నావు, ఫీజు 400 రూపాయలు.

లోపం అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం విశాలమైనది. నాణ్యతలో, పరిమాణంలో, సామర్థ్యంలో ఒప్పందం ప్రకారమో చట్టం ప్రకారమో ఉండాల్సినదానికి ఏం తగ్గినా అది లోపమే. 39వ సెక్షన్ కింద కమిషన్ లోపం సరిచేయమనొచ్చు, వస్తువు మార్చమనొచ్చు, డబ్బు తిరిగి ఇమ్మనొచ్చు, పరిహారమూ ఇప్పించొచ్చు. కానీ 2006 నాటి మారుతి కేసు చదవకుండా కాగితం మీద పెన్ను పెట్టొద్దు. వారంటీలో చెడిన భాగం బాగుచేస్తాం లేదా మారుస్తాం అని ఉన్నప్పుడు ఆ భాగం మారిస్తే సరిపోయేచోట బండి మొత్తం మార్చమనకూడదని సుప్రీంకోర్టు అన్నది ఆ కేసులోనే. అవతలి వకీలు మొదట లేచి చదివేది దాన్నే. దానికి జవాబుగా 2011 సంపుటంలోని ఫియట్ కేసు చూపించు. స్వతంత్ర నిపుణుడు తయారీ లోపముందని తేలిస్తే ధర, లైఫ్ ట్యాక్సుతో సహా 12 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలన్న కేసది. అందుకని నీ ప్రార్థనలో ఒకే ఒక్క కోరిక రాసి ఊరుకోకు. కారు మార్చాలి, లేదా డబ్బివ్వాలి, అదీ కాకపోతే కొత్త గేర్‌బాక్సు వేసి వారంటీ పొడిగించాలి అని వరసగా అడుగు. కేసుతో పాటే నిపుణుణ్ణి నియమించమని అర్జీ పెట్టు. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ప్రొఫెసరో, బ్రేక్ ఇన్‌స్పెక్టరో బండి నడిపి చూసి రిపోర్టిస్తే సగం వాదన అక్కడే అయిపోతుంది.

డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చు. 2004లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత అన్నది సుప్రీంకోర్టు. అదే కోర్టు 2021లో టాటా మోటార్స్ కేసులో, పాత మోడలును డీలరు కొత్తదని అమ్మితే, తెలియని కంపెనీని ఆ తప్పులోకి లాగలేమంది. ఎవరి తప్పేదో మొదట్లో మనకు తెలియదు. ఒకర్ని వదిలేస్తే ఉన్నవాళ్లు లేనివాళ్ల మీదికి తోసేస్తారు.

ఇప్పుడు విత్తనం దగ్గరికొస్తాను. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందున్నది మన ఆంధ్ర రైతులే. విత్తనం సరిగా లేక పంట పోయింది. నమూనా ల్యాబుకు పంపి పరీక్ష చేయించలేదు కాబట్టి కేసు చెల్లదన్నది కార్పొరేషన్ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. రైతు తెచ్చిన విత్తనమంతా విత్తేస్తాడు, కేసు వేయాల్సి వస్తుందని గుప్పెడు దాచుకుంటాడా? అదే లాటు విత్తనం కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది, వాళ్లే పరీక్షకు పెట్టి ఉండొచ్చు. నాకు తెలిసి వినియోగదారుల చట్టం మీద వచ్చిన తీర్పుల్లో మన నేలకు ఇంత దగ్గరగా ఉన్నది మరొకటి లేదు. బాధపడినవాడి దగ్గర ఉండే అవకాశమే లేనిదాన్ని సాక్ష్యంగా అడగకూడదన్న న్యాయం అందులో ఉంది. పదేళ్లకు, 2022 ఏప్రిల్‌లో, హ్యుందాయ్ కేసులో కార్ల విషయంలోనూ అదే న్యాయం కనిపించింది. ప్రమాదంలో క్రెటా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. గుద్దుకున్న బలం చాలలేదన్నది కంపెనీ. కొన్నవాడు భౌతికశాస్త్రం చదివి ఎంత వేగానికి ఎంత బలమో లెక్కగట్టి కొనడు కదా అని కోర్టు అడిగింది. 3 లక్షల పరిహారం, బండి మార్పు ఖాయమయ్యాయి. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదువు. గేర్‌బాక్సు లోపల ఏ పళ్లచక్రం అరిగిందో నీ క్లయింటు చెప్పలేడు, చెప్పాల్సిన పనీ లేదు. తెలిసిన ఇంజనీర్లంతా కంపెనీ దగ్గరే ఉన్నారు.

అయితే జాబ్ కార్డు మాత్రం కొన్నవాడి చేతిలో ఉండే అవకాశమున్న కాగితం. అందుకే దాని దగ్గర ఈ తీర్పులు మనల్ని కాపాడవు.

రీకాల్ అనే ఇంకొక దారి తెలుసుకుని ఉండు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, 2023 జులైకి పది లక్షల కార్లు తయారయ్యాయి. బోరుబావులు ఎండిన నేల మీద కార్లు పండుతున్నాయి, మన పిల్లలే బిగిస్తున్నారు. 2022 అక్టోబరులో ఆ కంపెనీ 44,174 కారెన్స్ బండ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పరీక్ష కోసం తానే వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేస్తానంది. కంపెనీ తనంతట తాను పిలవడం మంచి పద్ధతి. పిలవకపోతే మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ ఉంది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మనుషులకో పర్యావరణానికో హాని చేసే లోపమైతే ప్రభుత్వమే రీకాల్ చేయించి, ధర తిరిగి ఇప్పించడమో, బండి మార్పించడమో, బాగుచేయించడమో చేయొచ్చు. ఆ అబ్బాయి మోడలుకు ఇట్లాంటి రీకాల్ ఏదైనా ఉందేమో ముందు చూడు. ఉంటే అది కంపెనీ చేతి రాత.

రెండు చిన్న విషయాలు. ఆ కారు ఎల్లో బోర్డుదైతే, వ్యాపారం కోసం కొన్నావు కాబట్టి వినియోగదారుడివి కావని అంటారు. తన బతుకుతెరువు కోసం తానే నడుపుకునేవాణ్ణి చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. కేసులో ఆ సంగతి మొదటి పేరాలోనే స్పష్టంగా రాయి. రెండోది, బండి చెడిందని ఈఎంఐ ఆపొద్దని గట్టిగా చెప్పు. అప్పు ఇచ్చినవాడి ఒప్పందం వేరు. కోపంతో మూడు వాయిదాలు ఆపితే బండిని వాళ్లే ఎత్తుకుపోతారు, నీ నిపుణుడు చూడటానికి బండే ఉండదు.

ఎంత కాలం పడుతుందంటే, పరీక్ష అవసరమైన కేసును అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. నా అనుభవంలో అంతకంటే ఎక్కువే పట్టింది. ఈ మాట ఆ అబ్బాయికి మొదటి రోజే చెప్పు, ఆశ పెట్టి తర్వాత దాటవేయకు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లోపం మొదట బయటపడిన తేదీ ఏదో కాగితాల్లో వెతికి నీ డైరీలో రాసుకో. రేపు ఉదయమే ఆ అబ్బాయికి ఫోను చేసి ఇన్‌వాయిసు, వారంటీ పుస్తకం, జాబ్ కార్డులు, మెసేజీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని సోమవారం రమ్మను. నాలుగుసార్లకూ నాలుగు కార్డులు ఉన్నాయో లేదో నువ్వే లెక్కపెట్టు. ఒకటి తగ్గితే, నోటీసు పంపేముందు నాకు చెప్పు.

నీ మామ