ఖాళీ గడి అంటే సున్నా కాదు

మార్కుల లిస్టులో ఒకరి పేరు పక్కన 0 ఉంటుంది, ఇంకొకరి పక్కన ఏబీ అని ఉంటుంది. ఇద్దరూ ఫెయిలే. కానీ ఇద్దరి సంగతి ఒకటి కాదని మనకి తెలుసు. ఒకరు పరీక్ష రాశారు, మార్కులు రాలేదు. ఇంకొకరు అసలు హాల్లోకే రాలేదు. మనుషులకి ఈ తేడా చూడగానే అర్థమవుతుంది. కంప్యూటర్‌కి మాత్రం మనం చెప్తేనే తెలుస్తుంది. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నుంచి డేటాని ఎక్సెల్‌లోకి పంపేటప్పుడు దారిలో జారిపోయేది ఎక్కువగా ఈ తేడానే. దీన్నే మిస్సింగ్ వాల్యూస్ సమస్య అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంగన్‌వాడీలో ఐదుగురు పిల్లల బరువులు తూచాలి. నలుగురివి 12, 10, 13, 11 కిలోలు. ఐదో పాప ఆ రోజు రాలేదు. నలుగురి సగటు 11.5. పాప గడిలో 0 పెడితే సగటు 9.2కి పడిపోతుంది. కొన్ని సర్వేల్లో చేసినట్టు "తెలియదు" అనడానికి 99 అనే కోడ్ పెట్టి, దాన్ని అలాగే వదిలేస్తే సగటు 29 అవుతుంది. 29 అని వస్తే ఎవరైనా ఆగి చూస్తారు. కానీ వందమంది పిల్లల్లో ఒక్క 99 మాత్రమే ఉంటే సగటు 11.5 నుంచి సుమారు 12.4కి జరుగుతుంది. అది మామూలు అంకెలాగే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం. ఆర్ భాషలో సీఎస్‌వీ ఫైల్ రాయిస్తే, మనం ఏమీ చెప్పకపోతే, లేని విలువ దగ్గర ఎన్ఏ అనే రెండక్షరాలు పడతాయి. పైథాన్‌లోని పాండాస్ ఆ గడిని ఖాళీగా వదిలేస్తుంది. ఎస్‌పీఎస్ఎస్ నుంచి ఎక్సెల్‌కి సేవ్ చేస్తే #నల్! అనే గుర్తు కనిపించవచ్చు. స్టాటాలో చుక్క మాత్రమే కాదు, చుక్క పక్కన ఏ నుంచి జెడ్ వరకు అక్షరాలు పెట్టి "రాలేదు", "ఒప్పుకోలేదు", "తెలియదు" అని కారణాలు విడివిడిగా దాచుకోవచ్చు. ఎక్సెల్‌కి పంపేటప్పుడు అవన్నీ ఖాళీ గడులైపోతే ఆ కారణాలన్నీ పోయినట్టే.

ఎక్సెల్ వైపు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. యావరేజ్ ఫంక్షన్ ఖాళీ గడిని, గడుల్లో ఉన్న అక్షరాల్ని పట్టించుకోదు. కాబట్టి సగటు సరిగ్గానే వస్తుంది. అది చూసి అంతా బాగానే ఉందనుకుంటాం. కానీ "బరువు 10 కంటే తక్కువైతే హెచ్చరిక చూపించు" అని ఇఫ్ ఫార్ములా రాసి చూడండి. ఖాళీ గడిని ఎక్సెల్ ఇక్కడ సున్నాగా తీసుకుంటుంది. అంటే రాని పాప తక్కువ బరువు ఉన్నట్టు లెక్క. అదే గడిలో ఎన్ఏ అనే అక్షరాలు ఉంటే? ఎక్సెల్ పోలికలో అక్షరాలు ఏ అంకె కంటే అయినా పెద్దవే. ఇప్పుడదే పాప బరువు సరిపోయినట్టు లెక్క! తూచని పాపకి ఆర్ ఫైల్‌లో ఒక తీర్పు, పాండాస్ ఫైల్‌లో దానికి పూర్తిగా వ్యతిరేకమైన తీర్పు. ఎర్రర్ మెసేజ్ ఒక్కటి కూడా రాదు.

తిరుగు ప్రయాణంలో కూడా జాగ్రత్త కావాలి. నమీబియా దేశపు రెండక్షరాల కోడ్ కూడా ఎన్ఏ. దేశాల పట్టికని పాండాస్‌తో గానీ ఆర్‌తో గానీ మామూలుగా చదివిస్తే నమీబియా గడి "విలువ లేదు" అయిపోతుంది. ఏయే అక్షరాల్ని మిస్సింగ్‌గా తీసుకోవాలో చదివేటప్పుడే చెప్పాలి.

మరి ఏం చేయాలి? నాలుగు అలవాట్లు చాలు.

ఒకటి, ఎక్స్‌పోర్ట్‌కి ముందే 99, 999 లాంటి కోడ్‌లని నిజమైన మిస్సింగ్‌గా మార్చండి. అలాగని కారణాన్ని పారేయకండి. పక్కనే "స్థితి" అనే కాలమ్ పెట్టి తూచాం, రాలేదు, ఒప్పుకోలేదు అని రాయండి. బరువు కాలమ్‌లో బరువులు మాత్రమే ఉండాలి.

రెండు, లేని విలువ ఎలా కనిపించాలో మీరే చెప్పండి. ఆర్‌లో ఎన్ఏ అనే ఆప్షన్, పాండాస్‌లో ఎన్ఏ రెప్ అనే ఆప్షన్ అందుకే ఉన్నాయి. సులువుగా ఉందని అన్నిటినీ సున్నాతో నింపేయకండి.

మూడు, ఎక్సెల్‌లో పోలిక రాసే ముందు ఈజ్‌నంబర్ ఫంక్షన్‌తో గడిలో అంకె ఉందో లేదో అడగండి. లేకపోతే "తూచలేదు" అని రావాలి.

నాలుగు, లెక్క సరిచూడండి. సాఫ్ట్‌వేర్‌లో విలువ ఉన్న వరసలు ఎన్ని? ఎక్సెల్‌లో కౌంట్ ఫంక్షన్ ఎన్ని చూపిస్తోంది? రెండూ ఒకటే కాకపోతే ఫైల్ ఎవరికీ పంపొద్దు.

ఇదంతా ఒక గడి గురించి ఇంత గొడవ ఎందుకు అనిపించొచ్చు. కానీ ఆ పాప ఎందుకు రాలేదో ఆలోచించండి. ఒంట్లో బాగోలేక కావచ్చు, అమ్మానాన్నలు పనికోసం వలస వెళ్లి ఉండొచ్చు. అందరికంటే ముందుగా చూడాల్సిన పాప ఆమే కావచ్చు. "సరిపోయింది" అని వస్తే ఆ ఇంటికి ఎవరూ వెళ్లరు. "తక్కువ" అని వస్తే తూచకుండానే ముద్ర వేసినట్టు. "తూచలేదు" అని ఉంటేనే ఎవరో ఒకరు వెళ్లి తూస్తారు. షీట్ అంతా నిండుగా కనిపించకపోయినా పర్లేదు, మనకి తెలియని చోట తెలియదని ఉండాలి.